కరిగిపోయే సంచి, కరిగిపోని బాధ్యత



ఈ నెల మీ ముందు ఒక ప్రశ్న ఉంచాలని తలచాను. మనము వాడి పారవేసే వస్తువు మట్టిలో గాని, నీటిలో గాని తనంతట తాను కలిసిపోయేదైతే, దానిని పారవేయడములో తప్పు లేనట్లేనా? ఈ ప్రశ్న నాకు పుస్తకములో దొరకలేదు. మా ఊరిలో, ఏటి గట్టు మీద, మా చిన్నాన్నగారి అబ్బాయి వల విదిలిస్తూ ఉండగా ఎదురైంది.

మాది దరియాలతిప్ప. యానానికి చెందిన చిన్న పల్లె. నాసిక్ దగ్గర త్ర్యంబకములో పుట్టిన గోదావరి దాదాపు 1,465 కిలోమీటర్లు నడిచి, గౌతమీ పాయగా సముద్రములో కలవబోయే దారిలో మా ఊరు ఉన్నది. ఆ దాపుననే కోరింగ మడ అడవులు. ఒకప్పుడు ఆ కోరింగ రేవు నుండి ఓడలెక్కి బర్మాకు పోయిన మనవాళ్లను అక్కడివారు కోరంగీలని పిలిచేవారు. ఊరు విడిచి బ్రతుకుతెరువుకు పోవడము మన ప్రాంతానికి కొత్త కాదు. నేను కూడా ఉపాధ్యాయ శిక్షణ ముగించుకొని ఉద్యోగము వెదుక్కుంటూ బయటికి వచ్చినవాడినే. ఈ పత్రిక చదివే మీలో చాలామంది సంగతి అంతే.

క్రిందటి సారి ఊరికి వెళ్లినప్పుడు తెల్లవారుజామున తమ్ముడితో గట్టుకు పోయాను. వల ఒడ్డుకు లాగి విదిలించాడు. చేపలు కొన్ని పడ్డాయి. వాటితో పాటు బురద పట్టిన కవర్లు, నీళ్ల సీసాలు, షాంపూ పొట్లాలు, చిరిగిన నైలాను వల ముక్కలు పడ్డాయి. అతడు చేపలను బుట్టలో వేసి, కవర్లను ఒక్కొక్కటిగా తీసి పక్కన పడవేస్తూ అడిగాడు:

"అన్నయ్యా, నువ్వు బళ్లో పాఠాలు చెప్పినోడివి గదా. ఇయ్యన్నీ ఎవరియ్యంటావు? మా ఊరోళ్లియ్యి ఇందులో ఎన్నుంటాయంటావు?"

ఎన్నో లేవు. కొన్నింటి మీద దుకాణాల పేర్లు ఇంకా చెరిగిపోలేదు. అన్నీ ఎగువ పట్టణాలవి. వాటిలో ఒక కవరు చూసి నా నోట మాట రాలేదు. దాని మీద పచ్చని ఆకు బొమ్మ ఉన్నది. ఇది పర్యావరణానికి మేలు చేసేది, మట్టిలో కలిసిపోయేది అని అచ్చు వేసి ఉన్నది. సరిగ్గా అటువంటి సంచులనే రెండేళ్ల క్రితము మా సంఘపు విందుకు నేను పట్టుపట్టి కొనిపించాను. మామూలు వాటికన్నా ఖరీదు ఎక్కువైనా, మనము మాదిరిగా ఉండాలని పెద్దల కూటములో వాదించినది నేనే. ఆ విందు తరువాత మిగిలిన సంచులను ఎవరూ ప్రత్యేకముగా ఏరి పెట్టలేదు. ఎలాగూ కరిగిపోతాయి గదా అనుకున్నాము. ఆ మాట కూడా నేనే అన్నాను.

తిరిగి వచ్చిన తరువాత ఇంట్లో మిగిలిన ఒక సంచిని పెరటిలో మల్లెపాదులో పాతిపెట్టాను. ఏడాది గడిచాక త్రవ్వి చూస్తే, సంచి ముక్కలు ముక్కలుగా ఉన్నది గాని, మట్టి కాలేదు. వేళ్లతో నలిపితే ఇంకా చిన్న ముక్కలయింది. ఆ దుకాణము వారిని నిందించడానికి ఇది వ్రాయడము లేదు. నేను తెలుసుకోకుండా ఇతరులకు బోధించాను. అందుచేత తెలుసుకోవడానికి పూనుకున్నాను. తెలుసుకొన్న కొద్దీ మొదటి ప్రశ్న మరింత లోతుగా కనబడింది.

ముందు వస్తువు సంగతి చూద్దాము.

మట్టిలో కలిసిపోతుందని చెప్పి అమ్మే వాటిలో మూడు రకాలు గలవు. మొదటిది, మామూలు ప్లాస్టిక్కులో ఏదో మందు కలిపి, ఎండకు గాలికి త్వరగా పొడి అయ్యేటట్లు చేసినది. ఇది కనబడకుండా పోతుంది గాని, లేకుండా పోదు. రెండవది, మొక్కల నుండి తీసినదైనా కుళ్లనిది. మన ఆముదము నుండి నైలాను 11 అనే ప్లాస్టిక్కు తయారవుతుంది. పుట్టుక మొక్కదే. కాని అది మట్టిలో కుళ్లదు. యంత్రాల గొట్టాలకు అది పనికివచ్చేది కూడా ఆ గట్టితనము వలననే. మొక్కలో పుట్టినంత మాత్రాన మట్టిలో కలుస్తుందని అనుకోవడము పొరపాటని దీనిని బట్టి తెలుస్తుంది. మూడవది, సూక్ష్మజీవులు నిజముగా తిని జీర్ణము చేసుకోగలిగినది. ఈ మూడవ రకములో నన్ను ఎక్కువగా ఆశ్చర్యపరచినది, సూక్ష్మజీవులే స్వయముగా తయారు చేసే ప్లాస్టిక్కు.

ఇది నిన్నటి విషయము కాదు. 1926లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు మోరిస్ లెమోయిన్ ఒక మట్టి బాక్టీరియా శరీరములో తెల్లని గింజల వంటి పదార్థమును కనుగొన్నాడు. అప్పటికి మన యానాం ఫ్రెంచివారి ఏలుబడిలోనే ఉన్నది. ఆ గింజలు ఏమిటి? పంట ఇంటికి వచ్చినప్పుడు రైతు గాదెలో ధాన్యము పోసుకొన్నట్లు, బాక్టీరియా దాచుకొనే ఆహారము. దానికి నూనె, చక్కెర వంటి తిండి పుష్కలముగా దొరికి, నత్రజని గాని, భాస్వరము గాని కరువైతే, అది పెరిగి పిల్లలు పెట్టలేదు. తిండిని వృథా చేయకుండా ఈ గింజల రూపములో కూడబెట్టుకొంటుంది. కరువు వచ్చినప్పుడు తిరిగి కరిగించుకొని తింటుంది. మనము కొవ్వు పెంచుకొన్నట్లే ఇది. ఈ పదార్థాల కుటుంబానికి పాలిహైడ్రాక్సీఆల్కనోయేట్లు అని పేరు. పొట్టిగా పి.హెచ్.ఎ. అంటారు.

మొక్కల నూనెతో దీనిని తయారు చేసే పద్ధతి ఇది. పెద్ద తొట్టెలో నీరు, లవణాలు, నూనె పోసి, గాలి ఊదుతూ కుప్రియావిడస్ నెకేటర్ అనే బాక్టీరియాను పెంచుతారు. అది ముందు లైపేజ్ అనే ఎంజైమును బయటికి విడిచి, నూనెను గ్లిసరిన్‌గాను, కొవ్వు ఆమ్లాలుగాను విడగొడుతుంది. వాటిని లోనికి తీసుకొని చిన్న చిన్న తునకలు చేసి, ఆ తునకలను పూసలవలె గొలుసు కడుతుంది. చివరికి ఆ జీవి ఎండు బరువులో నూటికి 80 వంతుల దాకా ఈ ప్లాస్టిక్కే ఉండవచ్చును. అప్పుడు కణాలను పగలగొట్టి, కడిగి, ఆరబెడితే తెల్లని పొడి వస్తుంది. దానిని కరిగించి సంచిగానో, చెంచాగానో పోత పోస్తారు.

చక్కెరతో కూడ ఇది చేయవచ్చును. అయితే చక్కెరలో కర్బనము నూటికి 40 వంతులుంటే, నూనెలో 77 వంతుల వరకు ఉంటుంది. అందువలన ఒక కిలో చక్కెర నుండి 300, 400 గ్రాములు వచ్చేచోట, ఒక కిలో నూనె నుండి 600 నుండి 800 గ్రాముల వరకు వస్తుంది. అందుచేతనే కొందరు నూనెను ఎంచుకొన్నారు. జపానులోని కనేకా అనే సంస్థ 2019లో ఏడాదికి 5,000 టన్నులు తయారు చేసే కర్మాగారమును మొక్కల నూనెలతోనే నడపనారంభించింది. అమెరికాలో డానిమర్ అనే సంస్థ కనోలా నూనెతో తయారు చేసింది. మన తెలుగు గడ్డ మీద కూడ ఈ చదువు ఉన్నది. హైదరాబాదులో పనిచేసిన ఆచార్యులు శశికళ గారు, రమణ గారు 1996లోనే కుళ్లిపోయే పాలియెస్టర్ల మీద వంద పేజీలకు పైబడిన సమీక్షా వ్యాసము ప్రచురించారు.

మరి ఈ వస్తువు కుళ్లుతుందా? కుళ్లుతుంది. మట్టిలోను, ఏటిలోను, సముద్రములోను ఉండే ఇతర సూక్ష్మజీవులకు ఇది ఆహారము. అవి దీనిని తిని నీరుగాను, బొగ్గుపులుసు గాలిగాను మార్చివేస్తాయి. అన్ని రకాలకూ ఈ గుణము లేదు. మొక్కజొన్న చక్కెరతో చేసే పి.ఎల్.ఎ. అనే ప్లాస్టిక్కు సుమారు 58 డిగ్రీల వేడి ఉండే ఎరువు కర్మాగారములో కుళ్లుతుంది గాని, సముద్రములో చాలా కాలము అలాగే ఉంటుంది. హైదరాబాదులో డి.ఆర్.డి.ఓ. వారి ప్రయోగశాల మరొక పద్ధతిలో తయారు చేసిన సంచుల విక్రయ కేంద్రమును 2021 ఆగస్టులో తిరుమలలో తెరిచారు. అవి మట్టిలో మూడు నెలలకు కలిసిపోతాయని వారు చెప్పారు. అది మంచి ప్రయత్నమే. అయితే మట్టిలో కలిసేది మట్టిని చేరాలి గదా! మా దరియాలతిప్పకు వచ్చేది మట్టిలోనుండి కాదు, నీటిలోనుండి. ఆ లెక్కన బాక్టీరియా చేసే ఈ పి.హెచ్.ఎ. మా వంటి ఊళ్లకు సరిపోయే వస్తువని చెప్పవచ్చును.

ప్రియులారా, ఇంతవరకు చదివి, సమస్య తీరిపోయిందని సంతోషించవద్దు. ఇక్కడ మూడు చిక్కులు ఉన్నవి.

మొదటి చిక్కు కాలమునకు సంబంధించినది. నీటి వేడిని బట్టి, వస్తువు మందాన్ని బట్టి అది కరగడానికి కొన్ని వారాలు గాని, నెలలు గాని పడుతుంది. మందమైన వస్తువైతే ఇంకా ఎక్కువ కాలము పట్టవచ్చును. ఆ నెలలలో అది మామూలు కవరువలెనే ప్రవర్తిస్తుంది. కోరింగలో మడ చెట్లు బురదలోనుండి పైకి వేళ్లు పంపి గాలి పీల్చుకొంటాయి. ఆ వేళ్లకు చుట్టుకొన్న సంచి ఏ జాతిదో చెట్టుకు తెలియదు. హోప్ ఐలాండ్, సాక్రమెంటో తిప్పల మీద గ్రుడ్లు పెట్టడానికి వచ్చే తాబేలు నీటిలో తేలే సంచిని జెల్లీ చేపగా భ్రమపడి మ్రింగితే, అది ఆరు నెలలలో కరిగేదా, ఆరు వందల ఏళ్లకు కరిగేదా అన్న తేడా దానికి అక్కరకు రాదు. ఏదో ఒక రోజున కరిగిపోతుందనే మాట పారవేసినవాని మనస్సుకు ఓదార్పు. ఈ రోజు దానిని ఎదుర్కొనే ప్రాణికి అది చాలదు.

రెండవ చిక్కు ఆహారమునకు సంబంధించినది. నేను ఉపాధ్యాయుడను గనుక లెక్క వేసి చూపుతాను. ప్రపంచములో ఏటా 40 కోట్ల టన్నులకు పైగా ప్లాస్టిక్కు తయారవుతున్నది. దానినంతటినీ నూనెతో చేయాలంటే, కిలోకు 800 గ్రాములు వస్తాయనుకొన్నా, 50 కోట్ల టన్నుల నూనె కావాలి. ప్రపంచమంతా కలిసి ఏడాదికి తీస్తున్న మొక్కల నూనె 20 కోట్ల టన్నుల పైచిలుకు మాత్రమే. అంటే లోకములోని బాణళ్లన్నీ ఆరిపోయినా, ఆ నూనె సగానికి కూడ చాలదు.

ఇంకా దగ్గరి లెక్క చూద్దాము. మన సంఘపు విందుకు 300 మంది వచ్చారనుకోండి. ఒక్కొక్కరికి ఒక పళ్లెము, ఒక గ్లాసు కలిసి 20 గ్రాములు అనుకొందాము. మొత్తము 6 కిలోలు. కిలో నూనెకు 700 గ్రాముల చొప్పున చూస్తే, దీనికి ఎనిమిదిన్నర కిలోల నూనె పడుతుంది. ఆ విందుకు వంటవారు అడిగే నూనె ఎంత ఉంటుందో వంట చేసే మన అక్కలను అడగండి. తినే పదార్థానికి పట్టేంత నూనె తిని పారవేసే పళ్లానికి కూడ పట్టవచ్చును.

మన దేశము వంట నూనెలో సగానికి పైగా బయటినుండి తెచ్చుకొంటున్నది. కాకినాడ రేవులో దిగే పామాయిలుతో అక్కడి శుద్ధి కర్మాగారాలు నడుస్తున్నవి. ఇంటనే పండించాలని గోదావరి జిల్లాలలో ఆయిల్ పామ్ తోటలు వేశారు. ఏలూరు దగ్గర పెదవేగిలో దాని కోసమే పరిశోధనా సంస్థ ఉన్నది. 2021లో కేంద్ర ప్రభుత్వము ఆయిల్ పామ్ సాగుకు ప్రత్యేక పథకము కూడ ప్రకటించింది. ఇవన్నీ పేదవాని వంటింటిలో నూనె ధర దిగాలని చేస్తున్న పనులు. ఆ నూనెనే మనము ఐదు నిమిషాలు చేతిలో పట్టుకొని పారవేసే సంచిగా మారిస్తే, దానిని మంచి పని అనగలమా?

దీనికి ఒక సమాధానము ఉన్నది. బజ్జీలు, పూరీలు వేయించి నల్లబడిన నూనెను, శుద్ధి కర్మాగారములో మిగిలే మడ్డిని కూడ ఈ బాక్టీరియా తినగలదు. వాడిన నూనెను మళ్లీ మళ్లీ కాచి తినడము ఆరోగ్యానికి చేటు గనుక, దానిని పోగుచేసి వేరే పనులకు వాడాలని ఆహార భద్రతా సంస్థ 2018లో పథకము పెట్టింది. అటువంటి నూనెతో ప్లాస్టిక్కు చేస్తే ఎవరి ముద్దా తగ్గదు. అయితే అటువంటి నూనె ఎంత దొరుకుతుందో అంతకే మన వాడకము పరిమితము కావాలి. ఆ హద్దుకు లోబడడానికి మనము సిద్ధముగా ఉన్నామా అనేది అసలు సంగతి.

మూడవ చిక్కు ఖరీదు. ఈ ప్లాస్టిక్కు మామూలు దానికన్నా కొన్ని రెట్లు ప్రియము. తొట్టెలలో గాలి ఊదడానికి, కణాలనుండి పొడి తీయడానికి ఖర్చు ఎక్కువ. ఇంతకు ముందు చెప్పిన డానిమర్ సంస్థ 2025 మార్చిలో దివాలా రక్షణ కోరింది. ఇంగ్లాండులో ఐ.సి.ఐ. సంస్థ బయోపాల్ పేరుతో తెచ్చిన ప్లాస్టిక్కుతో 1990లో జర్మనీలో షాంపూ సీసాలు అమ్మారు. అది కూడ చేతులు మారి మారి బజారులో నిలువలేకపోయింది. ఖరీదైనదనే కారణము చేత దీనిని వదలివేయమని నేననను. కాని ఖరీదు ఎవరు భరించాలి? కలిగినవారు ఎక్కువ ధర ఇచ్చి మంచి సంచిని, దానితో పాటు నిశ్చింతను కొనుక్కొంటారు. మా తమ్ముడి వంటివారికి ఏటి ద్వారా వచ్చేది మాత్రము మారదు. ఆ రోజు వలలో నేను చూచిన పచ్చని ఆకు బొమ్మ నా నిశ్చింత ఖరీదుకు రసీదువలె ఉన్నది.

ఇక మన అసలు ప్రశ్నకు వద్దాము.

మా చిన్నతనములో, 1960లలో, దరియాలతిప్పలో చెత్త అనే మాటకు పెద్ద అర్థము లేదు. చేప కొంటే తాటి ఈనె చెవిలో గుచ్చి ఇచ్చేవారు. బెల్లము తాటాకు బుట్టలో వచ్చేది. విందు అరటాకులలో జరిగేది. తిన్న ఆకును విసరివేస్తే మేక తినేది, మేక వదలినది మట్టి తినేది. మా నాన్నగారి నూలు వల చీకిపోతే ఏటి ఒడ్డున పారవేసేవారు. ఎవరూ తప్పనలేదు, తప్పు కూడా కాదు. తరువాత ఆకు పోయి కవరు వచ్చింది, నూలు పోయి నైలాను వచ్చింది. చేయి మాత్రము అదే చేయి, విసరడము అదే విసరడము. ఆ అలవాటు నిరపాయమైన కాలములో ఏర్పడి, అపాయకరమైన కాలములో కొనసాగింది. మన తరము చేసిన తప్పులో దురుద్దేశము తక్కువ, పరధ్యానము ఎక్కువ అని నేను తలుస్తాను.

అలాగైతే వస్తువును మళ్లీ ఆకువలె కరిగేటట్లు చేస్తే, ఆ చేయి మళ్లీ నిర్దోషి అవుతుంది గదా? మా సంఘములో రసాయన శాస్త్రము చదువుతున్న ఒక యువకుడు నాతో ఈ మాటే అన్నాడు. "తాతగారూ, కోట్లమంది అలవాటు మార్చాలంటే వందేళ్లు పడుతుంది. వస్తువును మారిస్తే పదేళ్లలో పని అవుతుంది. మనుషులు మారేదాకా తాబేళ్లు ఆగుతాయా?" అని అడిగాడు. నేను రెండు రోజులు ఆలోచించాను. అతని మాటలో సగము నిజమున్నదని ఒప్పుకొంటున్నాను.

నిజము ఏమంటే, కొన్ని వస్తువులు ఎంత జాగ్రత్తపడినా మన చేయి జారిపోతాయి. గాలివానలో తెగి కొట్టుకుపోయే వల, రాయికి పట్టి తెగిన గాలపు తాడు, పొలములో పరచిన పలుచని పొర, ఇటువంటివి జాలరి గాని రైతు గాని కావాలని పారవేసేవి కావు. తెగిపోయిన నైలాను వల ఏళ్ల తరబడి నీటి అడుగున చేపలను పట్టి చంపుతూనే ఉంటుంది. అటువంటి వస్తువులు పని అయ్యేదాకా గట్టిగా ఉండి తరువాత కరిగేవైతే, అది ఎంతో మేలు. శరీరములో వేసిన కుట్టుదారము సంగతి చూడండి. ఈ కుటుంబమునకే చెందిన ఒక పదార్థముతో చేసిన దారమునకు 2007లో అమెరికాలో అనుమతి లభించింది. గాయము మానేదాకా పట్టి ఉంచి, మెల్లగా ఒంటిలో కలిసిపోతుంది. అక్కడ కరిగిపోవడము ఆ వస్తువు చేయవలసిన పనిలో ఒక భాగము.

నిజము కాని సగము ఏమంటే, నా విందు సంచి చేయి జారినది కాదు, వదలివేసినది. దానిని వాడకుండా ఉండవచ్చును. వాడినా ఏరి పెట్టవచ్చును. ఆ రెండూ చేయకుండా, కరుగుతుంది గదా అని నేను అన్నప్పుడు, నేను చేయవలసిన పనిని ఒక బాక్టీరియాకు అప్పగించాను. అది ఉన్నదో లేదో కూడ చూడలేదు. ఇంటి ముందు కాలువలో చెత్త వేయకూడదని పిల్లవానికి ఎందుకు చెబుతాము? కాలువ పాడవుతుందని మాత్రమే కాదు. ఆ కాలువ దిగువన వేరొకరి గుమ్మము ఉన్నదని వానికి గుర్తు ఉండాలని చెబుతాము. కరిగే సంచి ఇచ్చి, ఇక ఎక్కడ వేసినా ఫరవాలేదని నేర్పితే, కాలువ కొంత బాగుపడవచ్చును. దిగువ గుమ్మము మాత్రము వాని మనస్సులో నుండి చెరిగిపోతుంది. రేపు కరగని వస్తువు చేతికి వచ్చినప్పుడు కూడ వాడు అలాగే విసరుతాడు.

వస్తువు మారవలసినచోట మారాలి, దానికి శాస్త్రజ్ఞులు కావాలి, ప్రభుత్వము కావాలి, ఖర్చు పెట్టేవారు కావాలి. అందులో నాకు సందేహము లేదు. అయితే వస్తువు కరిగినంత మాత్రాన పొరుగువాని యెడల మన బాధ్యత కరగదు. ఊరు విడిచి దూరాన ఉన్న మనకు ఇది మరీ వర్తిస్తుంది. పెద్ద పట్టణాలలో తెల్లవారకముందే బండి వచ్చి మన చెత్తను తీసుకొనిపోతుంది. ఎక్కడికి పోతుందో మనము చూడము. చూడనిదానిని లేదనుకోవడము చాలా సులభము. 2022 జూలైలో గోదావరి వరద యానామును ముంచినప్పుడు, ఇళ్లలోనుండి నీరు తీసిన తరువాత మావాళ్లు గంపలతో ఎత్తి పోసినది ఒండ్రు మట్టి ఒక్కటే కాదు. ఎగువన ఎవరెవరో చూడకుండా వదలినది కూడ అందులో ఉన్నది.

ఇప్పుడు మా సంఘములో ఏమి చేశామో చెప్పి ముగిస్తాను. గొప్ప పని కాదు. నేను పెద్దల కూటములో లేచి, రెండేళ్ల క్రితము నేను చెప్పినది తెలియక చెప్పానని ఒప్పుకొన్నాను. ఎవరూ నన్ను తప్పుపట్టలేదు. ఒక అమ్మగారు మాత్రము, "ఆ డబ్బుతో స్టీలు పళ్లాలు కొనుక్కుంటే అప్పుడే అయిపోను గదండీ" అన్నారు. అలాగే కొన్నాము. కడగడానికి పురుషులు, స్త్రీలు వంతులు వేసుకొన్నారు. మొదటి నెల పురుషుల వంతున కొన్ని పళ్లాలకు నూనె జిడ్డు పోలేదు. రెండవ నెలకు బాగుపడ్డారు. బజారుకు గుడ్డ సంచి తీసుకొని వెళ్లడము మరచిపోయేవారు ఇంకా ఉన్నారు, నాతో సహా.

తప్పనిసరిగా ఎరువయ్యే సంచి కొనవలసి వస్తే, ఆకు బొమ్మను నమ్మవద్దు. మన దేశములోనైతే ఐ.ఎస్. 17088 అనే ప్రమాణము, కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ధ్రువపత్రము సంఖ్య ఉన్నవో లేవో చూడండి. మీరు ఉన్న దేశములో అటువంటి ముద్ర ఏదో మీ పిల్లలను అడిగి తెలుసుకోండి. కొన్న తరువాత దానిని తడి చెత్తతో ఎరువు చేసేచోటికే పంపండి. పంపే వీలు లేకపోతే, అది కొనడము వలన పెద్ద ప్రయోజనము లేదు.

ఊరినుండి బయలుదేరే రోజున తమ్ముడికి ఈ బాక్టీరియా సంగతి చెప్పాను. వల కూడ అటువంటి దానితో చేసే రోజు రావచ్చునని చెప్పాను. అతడు శ్రద్ధగా విని, నవ్వి, "మంచిదే అన్నయ్యా. కాని అది నా చేతిలో ఉండగా కరగకూడదు, నా చేయి దాటాక ఉండకూడదు. అంత తెలివి దానికొచ్చేదాకా పైనున్నోళ్లకి నువ్వు కొంచెం చెప్పు," అన్నాడు.

ఆ పైనున్నవారిలో నేను కూడ ఉన్నాను. అందుకే ఈ నాలుగు మాటలు మీకు వ్రాశాను. మీ మీ సంఘాలలో దీనిని చర్చించి, మీ అభిప్రాయాలు పత్రికకు వ్రాయగోరుతున్నాను.

ఇట్లు,
మీ సహోదరుడు,
ఒక సంఘ పెద్ద